దూరం పెంచుకోవాలనుకునే కొత్త సైక్లిస్టుకు కేడెన్స్, హార్ట్ రేట్ కిట్ ఎంతవరకు ఉపయోగం?

కొత్తగా సైకిల్ తొక్కడం మొదలుపెట్టినవారు పది, పదిహేను కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినప్పుడు, లోపం సైకిల్లోనే ఉందనుకుని సన్నటి టైర్ల గురించో, తేలికైన ఫ్రేమ్ గురించో వాకబు చేస్తుంటారు. వాటన్నిటికన్నా ముందు వారికి అక్కరకొచ్చే వస్తువు మరొకటి ఉందని నా నమ్మకం. హ్యాండిల్‌కు బిగించుకునే చిన్న సైకిల్ కంప్యూటరు, పెడల్‌ను మోసే కడ్డీకి, అంటే క్రాంక్‌కు తగిలించే కేడెన్స్ సెన్సరు, ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ పట్టీ, ఈ మూడూ ఒకే పెట్టెలో వచ్చే ప్రాథమిక స్థాయి కిట్ అది. ఇలాంటి కిట్‌ను నేను చాలాకాలంగా వాడుతున్నాను. దాదాపు ఇవే సదుపాయాలతో పలు సంస్థలు వీటిని తయారుచేస్తున్నాయి కనుక, ఈ సమీక్ష ఏ ఒక్క సంస్థ సరుకునూ ఉద్దేశించి రాసినది కాదు. ఆ తరహా పరికరానికంతటికీ వర్తిస్తుంది. నా తీర్పు ముందే చెబుతాను. దీన్ని కొనడం మంచిదే, అయితే తెరపై పెద్ద అంకెల్లో కనిపించే వేగాన్ని అక్కడినుంచి తొలగించగలిగినవారికే దీనివల్ల దూరం పెరుగుతుంది.

చక్రం తిరిగిన చుట్లు లెక్కపెట్టి దూరం చూపించే పరికరం సైకిల్‌కు కొత్త కాదు; కర్టిస్ వీడర్ అనే అమెరికన్ 1895 నాటికే అలాంటి సైక్లోమీటరును రూపొందించాడు. గుండె వేగాన్ని తీగ లేకుండా మణికట్టు మీది గడియారానికి పంపే పరికరాన్ని ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో తెచ్చింది. ఇప్పటి కిట్ ఈ రెంటినీ కలిపి, వాటికి కేడెన్స్‌ను, అంటే పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఆ లెక్కను జోడిస్తుంది. సైకిల్ ఎంత దూరం పోయిందన్నది ఒక అంకె, దాన్ని నడపడానికి కాళ్లు ఎలా తిరుగుతున్నాయన్నది రెండోది, ఆ పనికి గుండె ఎంత శ్రమపడుతోందన్నది మూడోది. దూరం పెంచుకునే పనిలో మొదటిదాని కంటే తక్కిన రెండింటికే విలువ ఎక్కువ.

బిగింపు సులువే గాని తొందరపడితే కుదరదు. కేడెన్స్ సెన్సరును ఎడమ క్రాంక్ లోపలివైపు రబ్బరు బ్యాండుతో గాని ప్లాస్టిక్ ట్యాగుతో గాని కట్టాలి. కుడివైపు చైను, పళ్ల చక్రాలు ఉంటాయి కాబట్టి అక్కడ చోటుండదు. కట్టిన తర్వాత పెడల్‌ను చేత్తో నెమ్మదిగా వెనక్కి ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. సెన్సరుకూ, వెనక చక్రం వైపు వెళ్లే ఫ్రేమ్ గొట్టానికీ మధ్య కొన్ని సైకిళ్లలో చోటు చాలా ఇరుకుగా ఉంటుంది. చేత్తో తిప్పినప్పుడే గీసుకుంటుంటే దారిలో అది ఊడిపోయే అవకాశం ఎక్కువ. పాత రకం సెన్సర్లకు క్రాంక్ మీద ఒక అయస్కాంతం, ఫ్రేమ్ మీద దానికి దగ్గరగా సెన్సరు పెట్టి, ఆ రెంటి మధ్య ఎడం చెదరకుండా చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పటివాటిలో చాలావరకు లోపలి యాక్సిలరోమీటరే కదలికను పసిగడుతుంది కనుక ఆ ఇబ్బంది తప్పింది.

జీపీఎస్ లేని కంప్యూటరైతే చక్రం చుట్టుకొలతను మిల్లీమీటర్లలో ఇవ్వాలి. 700×25 టైరుకు 2105, 700×28 టైరుకు 2136 అంటూ మాన్యువల్‌లో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా చూపుకు ఆనకపోయినా, ఒకదాని బదులు మరొకటి ఇస్తే 50 కిలోమీటర్ల రైడ్‌లో 700 మీటర్ల పైచిలుకు తప్పు వస్తుంది. పట్టిక కంటే నమ్మదగిన పద్ధతి ఒకటుంది. టైర్లలో రోజూ ఉంచే గాలే ఉంచి, ముందు చక్రం వాల్వు సరిగ్గా కిందికి వచ్చినప్పుడు నేలమీద సుద్దతో గీత గీయాలి. సీటు మీద కూర్చుని సైకిల్‌ను తిన్నగా ముందుకు కదిలిస్తూ, వాల్వు మళ్లీ కిందికి వచ్చిన చోట రెండో గీత గీయించి, టేపుతో కొలవాలి. మనిషి బరువుకు టైరు అణగడం కూడా ఇందులో లెక్కకు వస్తుంది. ఒకసారి ఈ అంకె ఇచ్చేస్తే టైర్లు మార్చేదాకా దాన్ని తాకనక్కర్లేదు.

ఈ కిట్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది కేడెన్స్ అంకె. కొత్తవారిలో ఎక్కువమంది బరువైన గేరు వేసుకుని నిమిషానికి 55, 60 చుట్లతో బలంగా నొక్కుతూ తొక్కుతారు. అలా తొక్కితేనే పని జరుగుతోందన్న భావన కలుగుతుంది. అదే వేగంతో అదే దారిలో పోతూ 60 చుట్ల నుంచి 80 చుట్లు తిప్పే తేలిక గేరుకు మారితే, ఒక్కో తొక్కుడులో పెడల్ మీద వేయాల్సిన బలం నాలుగో వంతు తగ్గుతుంది. మొత్తం పని తగ్గదు. తొడ కండరాల మీది భారం కొంత గుండె, ఊపిరితిత్తుల మీదికి మళ్లుతుంది. గుండె ఆ పనిని గంటల తరబడి చేసుకుపోగలదు. బలమంతా పెట్టి నొక్కి అలసిన తొడలు మాత్రం అదే రైడ్‌లో అంత త్వరగా తేరుకోవు, మోకాళ్లు కూడా ఆ ఒత్తిడిని చాలాకాలం సహించవు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కాళ్లు మొరాయించడానికి బీజం చాలాసార్లు ఐదో కిలోమీటరులో వేసుకున్న గేరులోనే ఉంటుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు ఈ అంకె చేసే మేలు మరింత స్పష్టంగా తెలుస్తుంది. రోడ్డు కంటికి ఇంకా చదునుగానే కనిపిస్తుండగా తెరమీద 80 కాస్తా 76 అవుతుంది, ఆ వెంటనే 70కి దిగుతుంది. బరువు పెరిగిందని కాళ్లు గుర్తించేలోపే అంకె ఆ సంగతి చెప్పేస్తుంది కాబట్టి, చైను మీద ఒత్తిడి పెరగకముందే గేరు మార్చుకోవచ్చు. చైను గట్టిగా లాగుతుండగా మారిస్తే వచ్చే కరకర శబ్దం, జారడం కూడా తప్పుతాయి. కొన్నాళ్లు ఇలా చూస్తూ తొక్కాక, ఆ లయ కాళ్లకే పట్టుబడుతుంది. పందెగాళ్లలా 90, 100 చుట్లు తిప్పాలన్న నియమం మాత్రం కొత్తవారికి అక్కర్లేదు. తక్కువ శక్తితో తొక్కేటప్పుడు మరీ వేగంగా కాళ్లు తిప్పితే ఆక్సిజన్ ఖర్చే పెరుగుతుంది. 75, 85 మధ్య హాయిగా తిరిగితే చాలు. 85 దగ్గర నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైందేమో చూసుకోవాలి. మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చినప్పుడు కాలు నిటారుగా చాచుకుంటే ఎత్తు ఇంచుమించు సరిపోయినట్టే.

హార్ట్ రేట్ పట్టీ గురించి చెప్పాల్సింది ఇంకా ఉంది, ఎందుకంటే ఇది ఎంత పనికొస్తుందో అంత సులభంగా దారి తప్పిస్తుంది కూడా. కిట్‌ను ఫోన్‌లోని యాప్‌తో కలిపినప్పుడు అది వయసు అడిగి, 220 నుంచి ఆ వయసును తీసివేసి గరిష్ఠ హృదయ స్పందనను లెక్కకట్టి, దాని ఆధారంగా శ్రమ స్థాయిలను సూచించే ఐదు రంగుల జోన్లు గీసేస్తుంది. 2001లో ప్రచురితమైన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి, వచ్చినదాన్ని 208 నుంచి తీసివేయాలి. నలభై ఏళ్లవారికి రెండు సూత్రాల్లోనూ 180 వస్తుంది. అరవై ఏళ్లవారికి మొదటిదాని ప్రకారం 160, రెండోదాని ప్రకారం 166. ఏ సూత్రమైనా జనసమూహపు సగటే తప్ప ఒక మనిషి గుండె లెక్క కాదు. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది, పన్నెండు స్పందనల తేడా మామూలే. కాబట్టి యాప్ గీసిన జోన్లను యథాతథంగా నమ్మకూడదు.

ఇందుకు మంచి కొలమానం మాట. ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ తొక్కుతున్నప్పుడు తెరమీద ఏ అంకె ఉందో గమనించాలి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తున్నప్పుడు ఏ అంకె ఉందో అదీ చూసుకోవాలి. మొదటి అంకె దాటకుండా వారంలో ఎక్కువ రైడ్‌లు చేయడమే దూరానికి పునాది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలగడం, కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు, కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగడం వంటి మార్పులు ఇలాంటి తీరికైన తొక్కుడుతో బాగా వస్తాయి. గుండెజబ్బు ఉన్నవారు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల వంటి మందులు వాడుతున్నవారు ఈ అంకెల మీద ఆధారపడకూడదు. వారు ముందుగా వైద్యుణ్ని అడగాలి.

పట్టీ నుంచి వచ్చే సమాచారంలో అసలైన సంపద రైడ్ ముగిశాక కనిపించే గ్రాఫులో ఉంది. చదును రోడ్డు మీద ఒకే తీరున రెండు గంటలు తొక్కినా, రెండో గంటలో గుండె వేగం మెల్లగా పైకి పాకుతుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గడం, శరీరం వేడెక్కడం అందుకు ముఖ్య కారణాలు. మొదట్లో ఈ ఎగబాకుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ, అదే దారిలో, అంతే ఎండలో, అదే కేడెన్స్‌తో తొక్కినప్పుడు గీత చదునుగా మారుతుంటే సత్తువ పెరుగుతున్నట్టు. సగటు వేగం ఎదురుగాలికి, ట్రాఫిక్‌కు, రోడ్డు తీరుకు లోబడి మారుతుంటుంది కనుక అది ఇంత నిజాయతీగా ఈ సంగతి చెప్పలేదు. ఒక్క ఈ గ్రాఫు కోసమే కిట్ కొన్నా తప్పులేదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

వేగాన్ని తెరనుంచి తీసేయమనడానికి కారణం గాలి. గాలి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పాటు పెరుగుతుంది. గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు పెంచితే ఆ భాగానికి దాదాపు రెట్టింపు శక్తి ఖర్చవుతుంది. వేగం కళ్లముందు ఉన్నంతసేపూ, ఎదురుగాలి వీచినా దాన్ని నిలబెట్టాలన్న పట్టుదల వస్తుంది, తిరుగు ప్రయాణానికి దాచుకోవాల్సిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. సుదూర సైక్లింగ్‌లో మొదటి మెట్టుగా భావించే 200 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌కు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్ల లోపు సగటుతోనే అది పూర్తవుతుంది. 1891లో మొదలైన ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ అనే ఫ్రాన్స్ సుదూర రైడ్‌లో ఇప్పుడు సుమారు 1200 కిలోమీటర్లకు 90 గంటలు ఇస్తారు. దూరాన్ని గెలిచేది ఎంతసేపు తొక్కగలమన్నదే. అందుకే నా తెరమీద గడిచిన సమయం, కేడెన్స్, హార్ట్ రేట్ మాత్రమే ఉంచుకున్నాను. వేగం, దూరం రెండో పేజీలో ఉంటాయి.

చిన్న సదుపాయమే అయినా అలారం మెచ్చుకోదగినది. పదిహేను నిమిషాలకోసారి మోగేలా పెట్టుకుంటే నీళ్లు తాగడం మరచిపోము. గంటన్నర దాటే రైడ్‌లలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలన్నది సాధారణంగా అంగీకరించిన కొలత, దానికీ ఇదే గుర్తు. వారపు మొత్తాన్ని పది శాతం చొప్పున పెంచమని యాప్ సూచిస్తుంది. అది అనుభవం మీద స్థిరపడిన అలవాటే తప్ప శాస్త్ర నియమం కాదు, అయినా హద్దుగా పెట్టుకోవడానికి బాగుంది. నాలుగో వారం దూరం తగ్గించి విశ్రాంతి ఇమ్మని మాత్రం చాలా యాప్‌లు చెప్పవు. అది మనమే చేసుకోవాలి. గుండె త్వరగా అలవాటు పడుతుంది, స్నాయుబంధాలకు, సీటుకు తగిలే చర్మానికి, హ్యాండిల్ పట్టే అరచేతులకు ఎక్కువ సమయం కావాలి. వాటి సంగతి చెప్పే సెన్సరు ఈ పెట్టెలో లేదు.

లోపాలూ ఉన్నాయి. పట్టీలోని ఎలక్ట్రోడ్లను నీటితో తడిపి కట్టుకోకపోతే చెమట పట్టేదాకా గుండె వేగం ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. కేలరీల లెక్క కేవలం అంచనా. దాన్ని చూసి తిండి పెంచుకోవడం మంచిది కాదు. ఆగినప్పుడు గడియారాన్ని ఆపేసే ఏర్పాటు మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది, దానివల్ల ఎంతసేపు ఆగామో తెలియకుండా పోతుంది. దాన్ని ఆఫ్ చేయాలి. ఇతరులతో పోల్చే ర్యాంకుల పట్టిక కొత్తవారికి మేలు కంటే చేటే ఎక్కువ చేస్తుంది. మణికట్టు వాచీ ఉన్నవారు పట్టీ దండగ అనుకోవచ్చు గాని, హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్నప్పుడు, గతుకుల్లో చెయ్యి అదిరినప్పుడు చర్మంలోకి వెలుగు పంపి కొలిచే వాచీలు తడబడతాయి. గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకునే పట్టీకి ఆ సమస్య తక్కువ.

వారానికి ఒకసారి సరదాగా తొక్కేవారికి ఇది అవసరం లేదు. వారు పదిహేను సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే కేడెన్స్ తెలుస్తుంది, మాట్లాడి చూసుకుంటే శ్రమ తెలుస్తుంది. వారానికి మూడు, నాలుగు సార్లు తొక్కుతూ క్రమంగా దూరం పెంచదలచినవారు కొనేటప్పుడు మూడు విషయాలు చూసుకోవాలి. సెన్సర్లు బ్లూటూత్, ఏఎన్‌టీ ప్లస్ (సెన్సర్లు వాడే మరో వైర్‌లెస్ పద్ధతి) రెండింటితోనూ పనిచేయాలి, ఎందుకంటే చాలా సెన్సర్లు బ్లూటూత్‌లో ఒకసారికి ఒక్క పరికరానికే కలుస్తాయి. బ్యాటరీ సులభంగా దొరికే సీఆర్ 2032 నాణెం రకమై ఉండాలి. పట్టీ నుంచి ట్రాన్స్‌మిటరు విడివడాలి, గుడ్డ పట్టీ విడిగా కూడా దొరకాలి. ఉప్పు చెమటకు ముందుగా పాడయ్యేది ఆ గుడ్డే, ప్రతి రైడ్ తర్వాత దాన్ని నీళ్లలో జాడించి ఆరేస్తేనే అది ఎక్కువకాలం పనిచేస్తుంది.