టవర్ కొనేముందు పైపు లోపల చూడండి: హామ్ మిత్రులకు హెచ్చరిక

అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే హామ్‌లకు, అంటే అభిరుచి కొద్దీ లైసెన్సుతో రేడియో నడిపేవాళ్ళకు, సీక్యూ వరల్డ్‌వైడ్ అనే ప్రపంచస్థాయి రేడియో పోటీలు (కాంటెస్ట్‌లు). వాటికి కొన్ని నెలల ముందు నుంచే టవర్లు, వైర్ యాంటెన్నాల బేరాలు మొదలవుతాయి. హనుమకొండ, కరీంనగర్ వైపు కొత్తగా లైసెన్సు వచ్చిన తమ్ముళ్ళు "అన్నా, టవర్ సెట్టు ఎక్కడ కొనమంటవ్?" అని అడుగుతున్నారు. ఎక్కడ కొనాలన్నది తర్వాత. నాకు అంటగట్టిన సరుకు ఎలాంటిదో ముందు వినండి.

ధర్మసాగర్ వైపు మా పొలంలో కాంటెస్ట్ స్టేషన్ కోసం 60 అడుగుల టవర్, దాన్ని పక్కల నుంచి లాగి పట్టే స్టే వైర్లు, 80, 40 మీటర్ల బ్యాండ్లకు డైపోల్స్ (వైరు యాంటెన్నాలు), అన్నీ ఒకే అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. బిగింపు కూడా వాళ్ళదే. కొటేషన్‌లో "హాట్ డిప్ గాల్వనైజ్డ్", "ప్యూర్ కాపర్" అని స్పష్టంగా రాసిచ్చారు. ఏప్రిల్‌లో అకాల వానతో వచ్చిన గాలిదుమారానికి ఒక పక్క స్టే వైరు జారింది. పై సెక్షన్ వంగి మొక్కజొన్న చేను మీదికి వాలింది. అప్పుడు చేన్లో కూలీలు లేరు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

వెల్డర్‌ను పిలిచి వంగిన సెక్షన్ కోయిస్తే అసలు సంగతి తెలిసింది. బయట తళతళలాడే వెండి రంగు, లోపల పెచ్చులు పెచ్చులుగా ఎర్ర తుప్పు. హాట్ డిప్ అంటే దాదాపు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో సెక్షన్ మొత్తాన్ని ముంచి తీస్తారు. కాబట్టి పైపు లోపలి గోడకూ జింకు పట్టి తీరాలి. మాకు వచ్చింది ఒట్టి సిల్వర్ పెయింట్. పైపు చివర టార్చి వేసి చూస్తే చాలు, తెలిసిపోతుంది. ఇంకా అనుమానముంటే ఎరువుల షాపులో దొరికే మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) నీళ్ళలో కలిపి, కొద్దిగా గీకిన చోట ఒక చుక్క వేయండి. ఉత్త ఇనుమైతే ఎర్రగా రాగి పూత పడుతుంది. జింకు మీదైతే నల్లటి పొడి వస్తుంది, తుడిస్తే పోతుంది.

స్టే వైరు జారడానికి కారణం క్లాంపులు, అంటే మడిచిన వైరు చివరను పట్టే బిగింపులు. బరువు మోసే తీగ సాడిల్ (క్లాంపులో గాడి ఉన్న దిమ్మ) మీద కూర్చోవాలి, మడిచిన తోక యూ-బోల్టు వైపు ఉండాలి. వాళ్ళ మనుషులు తిప్పి బిగించారు. పైగా ఒక్కో చివరకు ఒక్కటే క్లాంపు! ఇలా బిగించేవాళ్ళు టవర్ ఎక్కడానికి వస్తే దయచేసి ఎక్కనివ్వకండి.

ఇక రాగి. డైపోల్ వైరును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం. అయస్కాంతంతో చూస్తే ఇది పట్టుబడదు, అయస్కాంతం అంటుకునేది ఇనుము మీద రాగి పూత వేసిన వైరుకే. గీకే చూడాలి. అడిగితే "ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) పైపైనే పోతుంది కదా సార్, లోపల ఏముంటే ఏంటి?" అన్నారు. సగం నిజం చెప్పి మొత్తం దాచడమంటే ఇదే. 7 మెగాహెర్ట్జ్ (అంటే 40 మీటర్ల బ్యాండ్) దగ్గర కరెంటు రాగిలో చాలావరకు 0.025 మిల్లీమీటరు లోతులోనే పారుతుంది, నిజమే. కొత్తలో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకు ఎంత కుదిరిందో చెప్పే కొలత) కూడా బాగానే చూపిస్తుంది. కానీ 80 మీటర్ల డైపోల్ అంటే సుమారు 40 మీటర్ల తీగ గాలికి ఊగుతూ ఉండాలి. ఆ లాగుడికి అల్యూమినియం సాగుతుంది, మడత దగ్గర తెగుతుంది. పూత లేచిన చోట వాన నీళ్ళు దిగితే రాగి పక్కనున్న అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది. మా వైరు బాలన్ (డైపోల్ మధ్యలో కేబుల్ కలిపే భాగం) దగ్గర తెల్లటి పొడి పట్టి, చేత్తో వంచితే విరిగింది.

ఫొటోలన్నీ పంపాను. మొదట "మీ నేల మంచిది కాదు" అన్నారు. నల్లరేగడి ఎండకు పగిలి, స్టే వైర్లను నేలలో పట్టే యాంకర్లను కదిలిస్తుంది, అది వాస్తవమే. కానీ మా యాంకర్లు కదల్లేదు, కాంక్రీటుకు చిన్న పగులు కూడా లేదు. ఆ ఫొటో పంపిన తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాను. నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్ళలోపు అక్కడ కేసు వేయవచ్చు. ఇలాంటి సెట్టు కొని బిగించుకున్నవాళ్ళు కొటేషన్, బిల్లు, వాట్సాప్ చాట్ జాగ్రత్తగా దాచుకోండి. క్లాంపులు, పైపు చివరలు ఈ వారమే చూసుకోండి. అనుమానం వస్తే ఫొటో తీసి నాకు పంపండి, చూసి చెప్తాను.