వెనక్కి లాగి వదిలే కారు: మూడేళ్ళ వాడకం తర్వాత

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో మా వాడికి కొన్న చిన్న కారు ఇది. అదే ఏడు పుట్టినరోజుకి వచ్చిన రిమోట్ కారు సెల్స్ కారిపోయి ఎప్పుడో అటక ఎక్కింది. ఇది మాత్రం ఇంకా కాళ్ళకి అడ్డం పడుతూనే ఉంది. అంతా స్ప్రింగు మహిమ. దాని మీద నాకు వాడికంటే ఎక్కువ మోజని ఇంట్లో మాట.

మా హాల్లో రెండడుగుల టైల్స్. అర టైలు వెనక్కి లాగి వదిలితే ఐదు టైల్స్ పోయేది. లాగింది అడుగు, పోయింది పదడుగులు! ఊరికే రాలేదు లెండి. లాగేటప్పుడు చేతికి బిగువు తెలుస్తుంది. ఆ బలమే చుట్టుకున్న స్ప్రింగులో స్థితిశక్తిగా దాక్కుంటుంది. చుట్టేటప్పుడు ఒక పళ్ళచక్రాల వరస, విప్పుకునేటప్పుడు ఇంకోటి. అందుకే స్ప్రింగు కొంచెం విప్పుకున్నా కారు చక్రాలు చాలా చుట్లు తిరుగుతాయి. స్ప్రింగు అయిపోయాక కూడా ఆ ఊపుతోనే ఇంకాస్త దూరం పోతుంది. మరీ ఎక్కువ లాగితే టకటకమంటుంది. విరిగిందని కంగారుపడ్డాను కానీ, అది విరగకుండా స్ప్రింగు కొస జారే చప్పుడట.

రెండో ఏడు ఎండాకాలంలో కిర్రుమంటోందని నేనే రెండు చుక్కలు కొబ్బరినూనె వేశాను. భలే పరిగెత్తింది. డిసెంబరు వచ్చాక పొద్దున్నే వదిలితే ఒక టైలు దాటదు, మధ్యాహ్నానికి మామూలే. వారం రోజులు ఇదే వరస. స్ప్రింగు పోయిందని తేల్చేశాను. ఒకరోజు తలకి రాసుకుందామని సీసా వంచితే చుక్క పడలేదు. అప్పుడు వెలిగింది! కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. స్ప్రింగు శక్తి ఎక్కడికీ పోలేదు, పళ్ళకి పట్టిన గడ్డని తోసుకుంటూ వేడిగా ఖర్చైపోతోందంతే. విప్పి, సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. ఇరుసుకి జానెడు జుట్టు కూడా చుట్టుకుని ఉంది. ఎవరిదో చెప్పను, ఇంట్లో ఉండాలి కదా.

ఐదు టైల్స్ అన్నది కొత్తలో మాట, ఇప్పుడు మూడున్నర. అందులోనూ సగం గొప్ప నున్నటి నేలదే. ఊళ్ళో అమ్మావాళ్ళ గరుకు గచ్చు మీద గుమ్మందాకా కూడా పోలేదు. అక్కడ నేలకి రుద్ది వదిలే కారే నయం, లోపలి బరువు చక్రం ఊపు గతుకుల్ని లెక్కచేయదు. కాకపోతే రుద్దగానే వదలాలి, ఆగితే ఆ చక్రం తిరిగి తిరిగి తనే నిలిచిపోతుంది. స్ప్రింగు కారుకి ఆ తొందర లేదు. లాగి నేలకి అదిమిపట్టుకుని, నాయనమ్మ వచ్చేదాకా సోఫా పక్కన కాపు కాస్తాడు మా వాడు.

టైల్స్ ఇల్లు, ఒక్క పిల్లాడు అయితే కొనుక్కోవచ్చు. మాకు సరిపోయింది. ఇద్దరున్న ఇంటి సంగతి నేను పూచీ పడను.