ఫ్రెంచ్ చీజ్‌ల్లో ఏది మేలు? కోంతే, కామంబేర్, మేకపాల చీజ్, రోక్‌ఫోర్ పక్కపక్కన పెట్టి చూస్తే

ఫ్రాన్స్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లలో చాలామంది చీజ్‌ని మొదటివారమే వదిలేస్తారు. సూపర్ మార్కెట్‌లో ఎప్పుడో పేరు విన్న డబ్బా ఒకటి కొంటారు, ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా అలాగే కొరుకుతారు, "బాబోయ్, ఇదేం వాసన" అని పక్కన పెట్టేస్తారు. ఇక ఆ జోలికి పోరు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వందల రకాలున్న దేశంలో ఉంటూ, నప్పే రకం మొదట చేతికి రాకపోవడంతో ఓ మంచి రుచికి దూరమైపోతున్నారు.

అందుకే నాలుగు రకాలు తీసుకుని పోల్చి చెబుతాను. ఆవుపాలతో చేసే గట్టి చీజ్ కోంతే. అదే ఆవుపాలతో చేసే మెత్తటిది కామంబేర్. మేకపాలతో చేసేది సాంత్ మోర్ ద తురేన్. గొర్రెపాలతో, నీలి బూజుతో చేసేది రోక్‌ఫోర్. ఈ నాలుగూ తింటే ఫ్రెంచ్ చీజ్‌ల్లో ముఖ్యమైన జాతులు చాలావరకు తెలిసినట్టే. నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను: ఒక్కటే కొనాలంటే కోంతే కొనండి.

స్విట్జర్లాండ్ సరిహద్దులో ఉన్న జూరా కొండల చీజ్ ఇది. ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలు ఉంటుంది, దానికి 400 లీటర్ల పాలు కావాలి. పూర్వం ఒక రైతు దగ్గరుండే నాలుగైదు ఆవులతో అన్ని పాలు ఎలా వచ్చేవి? అందుకే మధ్యయుగాల నుంచే అక్కడి ఊళ్లవాళ్లు పాలన్నీ ఒకచోట పోసి, కలిసి చీజ్ చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ సహకార కేంద్రాలని ఫ్రూయితియేర్ అంటారు. ఇవాళ్టికీ కోంతే అక్కడే తయారవుతుంది. ఆవులు కూడా మోంబెలియార్డ్, సిమెంటాల్ జాతులవే అయి ఉండాలి. వాటికి వేసవిలో పచ్చిగడ్డి, చలికాలంలో ఎండుగడ్డి పెడతారు. పులియబెట్టిన మేత పెట్టకూడదని నియమం. దీని ప్రభావం చీజ్ రంగులోనే కనిపిస్తుంది. వేసవి పాలతో చేసింది పసుపుపచ్చగా ఉంటుంది, చలికాలపుది పాలిపోయినట్టుంటుంది. దుకాణంలో రెండూ పక్కపక్కన ఉంటే ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టొచ్చు.

కోంతేని కనీసం 120 రోజులు మాగబెట్టాలి. దేవదారు జాతి చెక్క పలకల మీద పెట్టి, ఉప్పు రుద్దుతూ, తిప్పుతూ ఉంటారు. అమ్మకానికి వెళ్లేముందు ప్రతి చక్రానికీ 20కి మార్కులు వేస్తారు. 14, ఆపైన వస్తే అంచుకి పచ్చ పట్టీ, 12 నుంచి 14 మధ్య వస్తే గోధుమరంగు పట్టీ. 12 కూడా రాకపోతే కోంతే అన్న పేరుతో అమ్మడానికి వీల్లేదు.

అసలు పోలిక పెట్టాల్సింది కోంతేకీ కోంతేకీ మధ్యే. ఆరు నుంచి ఎనిమిది నెలలది తింటే పాలమీగడ, వెన్న రుచి తెలుస్తుంది, మెత్తగా సాగుతుంది. ఏడాది దాటేసరికి వేయించిన బాదం, దోరగా వేగిన ఉల్లిపాయ గుర్తొచ్చే రుచి వస్తుంది. ఏడాదిన్నరకి పంటికింద చిన్నచిన్న పలుకులు తగులుతాయి. అవి ఉప్పురవ్వలని చాలామంది అనుకుంటారు. నిజానికి అది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం. మాగే కొద్దీ చీజ్‌లోని మాంసకృత్తులు విడిపోయి, ఇలా స్ఫటికాలుగా గడ్డకడుతుంది. నాకు ఈ దశే ఇష్టం. రెండేళ్లు దాటినవి ఇంకా ఖరీదు. కానీ వయసు పెరిగే కొద్దీ రుచి పెరుగుతుందన్న లెక్క అన్నిసార్లూ పనిచేయదు. కొన్ని చక్రాలు రెండేళ్లకి పొడిబారి, నాలుక చివర చురుక్కుమనిపిస్తాయి తప్ప ఇంకేమీ ఇవ్వవు. డబ్బు ఎక్కువ పెట్టేముందు కాస్త రుచి చూపించమని అడగండి. చీజ్ దుకాణంలో అలా అడగడం మామూలే. చక్రం పక్కనుంచి పల్చటి పొర ఒకటి కోసి, కత్తి మీదే అందిస్తారు. 12 నెలలది, 18 నెలలది పక్కపక్కన తిని చూస్తే మీకేది నప్పుతుందో అక్కడికక్కడే తేలిపోతుంది.

కోంతేకి నా మొదటి ఓటు పడటానికి ఇంకో కారణం, అది మనల్ని తొందరపెట్టదు. కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం తర్వాత కూడా బాగుంటుంది. పాలు పడవని భయపడేవాళ్లకీ ఇది హాయి. నెలల తరబడి మాగడంతో లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర, దాదాపు మిగలదు.

కామంబేర్ అలా కాదు, దానికి గడువుంది. నార్మండీలోని ఒక చిన్న ఊరి పేరే ఈ చీజ్ పేరు. 1791లో మరీ ఆరెల్ అనే రైతు మహిళ దీన్ని మొదట చేసిందని అక్కడ చెప్పుకునే కథ. 19వ శతాబ్దం చివర్లో పల్చటి చెక్కపెట్టె వచ్చాక దూరప్రయాణాలు చేయగలిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల రేషన్‌లో చేరి దేశమంతా తెలిసిపోయింది.

ఇక్కడ లేబుల్ జాగ్రత్తగా చదవాలి. ఉత్త "కామంబేర్" అన్న పేరుతో ఎవరైనా, ఎక్కడైనా చేసి అమ్ముకోవచ్చు. "కామంబేర్ ద నోర్మాందీ" అని ఉండి, పక్కన ఏఓపీ ముద్ర (ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలో చేసిందని చెప్పే గుర్తు) ఉంటేనే అసలుది. దానికి పచ్చిపాలే వాడాలి, వాటిలో కనీసం సగం నోర్మాండ్ జాతి ఆవులవై ఉండాలి. విరిగిన పాలని గరిటెతో అచ్చులో పొరలు పొరలుగా, కనీసం ఐదుసార్లు పోయాలి. తర్వాత కనీసం మూడువారాలు మాగాలి. ఫ్యాక్టరీ కామంబేర్ రబ్బరులా నున్నగా ఉంటుంది, కాస్త వెన్నరుచి తప్ప ఏమీ ఉండదు. అసలు దానిలో పుట్టగొడుగులు, వెల్లుల్లి, ఉడికిన క్యాబేజీ, కాస్త పశువుల కొట్టం వాసన కూడా ఉంటాయి. ఈ రెంటిలో ఏది మేలని అడగాల్సిన పనే లేదు. కాకపోతే కొత్తవాళ్లకి మొదటిరోజే అసలుది పెడితే తట్టుకోవడం కష్టం.

మంచి దుకాణదారుడు కామంబేర్ అమ్మే తీరు చూడండి. మూత తీసి, బొటనవేలితో నడిమధ్యన మెల్లగా నొక్కుతాడు. "ఈ రాత్రికా, ఆదివారానికా?" అని అడుగుతాడు. మీ జవాబుని బట్టి ఇంకో పెట్టె తీస్తాడు. పైనున్న తెల్లబూజు బయటినుంచి లోపలికి పనిచేస్తుంది కాబట్టి అంచులు ముందు మెత్తబడతాయి. కోసినప్పుడు మధ్యలో సుద్దలా తెల్లగీత కనిపిస్తే ఇంకా పండలేదన్నమాట. కొందరికి అలాగే ఇష్టం. గీత పూర్తిగా పోయి, లేత పసుపురంగులో మెత్తగా ఉబికినట్టుంటే సరైన సమయం. ముక్కు మూసుకునేంత అమ్మోనియా ఘాటు వస్తే సమయం దాటిపోయింది. ఆ సరైన సమయం కొద్ది రోజులే.

కామంబేర్ ఘాటు వద్దనుకునేవాళ్లకి బ్రీ ద మో ఉంది. పారిస్‌కి తూర్పున తయారవుతుంది, 36, 37 సెంటీమీటర్ల వెడల్పుండే పెద్ద పళ్లెం లాంటి చీజ్. అదీ పచ్చిపాలదే, అదీ తెల్లబూజుదే, కానీ రుచి సున్నితం. మెత్తటి చీజ్ అలవాటు చేసుకోవాలంటే బ్రీతో మొదలుపెట్టి కామంబేర్‌కి రావడం మంచి దారి.

మేకపాల చీజ్ గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది: మేకపాలంటే నీచువాసన అని. తాజా మేకపాల చీజ్ తిన్నవాళ్లు ఆ మాట అనరు. లువార్ నదీలోయలో చేసే సాంత్ మోర్‌కి పాలని రెన్నెట్‌తో (పాలు విరగడానికి వేసే పదార్థం) గబుక్కున విరగ్గొట్టరు. రెన్నెట్ చుక్కలు కొద్దిగానే వేసి, దాదాపు ఒక రోజంతా పుల్లబడనిస్తారు. ఆ ముద్దని అచ్చుల్లో వేసి నీరు కారనిస్తారు. అంటే మనింట్లో గట్టిపెరుగు గుడ్డలో కట్టి వేలాడదీస్తే వచ్చేదానికి ఇది దగ్గరి చుట్టం. పెరుగన్నం తిని పెరిగిన నాలుకకి ఈ పులుపు కొత్తేం కాదు. అందుకే రెండో కొనుగోలుకి నా ఓటు దీనికే. అసలు చీజ్ వాసనే పడదనేవాళ్లు కోంతే కంటే ముందు దీన్నే తినొచ్చు.

చూడటానికి బూడిదరంగు కడ్డీలా ఉంటుంది. పైన పూసింది బొగ్గుపొడి, నిర్భయంగా తినొచ్చు. మధ్యలోంచి ఒక రై గడ్డిపరక పోతుంది. ఆ గడ్డిపరక మీద చీజ్ పేరు, తయారీదారు గుర్తు సన్నటి అక్షరాల్లో లేజర్‌తో చెక్కి ఉంటాయి. అది ఉంటే అసలుదని నమ్మొచ్చు. కోసేముందు పరకని మెల్లగా లాగేసి, బిళ్లలుగా తరగాలి. తాజాగా ఉన్నప్పుడు నిమ్మపులుపు, వారాలు గడిచే కొద్దీ పొడిబారి గింజల రుచి. వసంతకాలం నుంచి శరదృతువు దాకా బాగుంటుంది, ఎందుకంటే మేకలు బయట మేసేది అప్పుడే. కాల్చిన బ్రెడ్ మీద ఒక బిళ్ల, పైన కొంచెం తేనె వేసి తినండి.

ఇక రోక్‌ఫోర్. దీన్ని ప్రేమించేవాళ్లు ప్రాణంగా ప్రేమిస్తారు, పడనివాళ్లు దూరంగా జరుగుతారు. దక్షిణాన ఆవెరోన్ జిల్లాలో కోంబాలు అనే కొండ ఉంది. కొండ చరియలు కూలి ఏర్పడిన గుహల్లోకి ఫ్లరీన్ అనే పగుళ్ల గుండా చల్లటి తేమగాలి వీస్తూ ఉంటుంది. లాకోన్ జాతి గొర్రెల పచ్చిపాలతో చేసిన చీజ్‌ని ఆ గాలిలోనే మాగబెడతారు. రై బ్రెడ్ మీద పెంచిన బూజుని పాలలో కలిపి, చీజ్ తయారయ్యాక సూదులతో పొడుస్తారు. ఆ రంధ్రాల్లోంచి గాలి ఆడితేనే లోపల నీలిచారలు పెరుగుతాయి. 1925లో చట్టం ద్వారా పేరుకి రక్షణ దొరికిన మొదటి ఫ్రెంచ్ చీజ్ ఇదే.

నోట్లో పెట్టగానే ఉప్పు తగులుతుంది. తర్వాత గొర్రెపాల కొవ్వు వెన్నలా కరుగుతుంది. మింగాక గొంతులో చిన్న ఘాటు మిగులుతుంది. గోరంత ముక్కతో మొదలుపెట్టాలి. బ్రెడ్ మీద ముందు వెన్న రాసి దాని మీద పెడితే ఉప్పు అదుపులోకి వస్తుంది. బేరిపండు, అక్రోట్లు దీనికి గొప్ప జోడీ. వైన్ తాగేవాళ్లయితే తియ్యటి సోతెర్న్‌తో తినండి, ఉప్పూ తీపీ కలిసిన ఆ రుచి చాలాసేపు ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్త, ఈ నాలుగింటిలో ఉప్పు ఎక్కువున్నది ఇదే. రోక్‌ఫోర్‌కి భయపడితే ఆవుపాల నీలిచీజ్ ఫూర్మ్ దాంబేర్ ఉంది, మెత్తగా, మర్యాదగా ఉంటుంది, ధర కూడా తక్కువ.

శాకాహారులకి ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ నాలుగింటిలోనూ పాలు విరవడానికి వాడేది పాలుతాగే పిల్ల జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్. ఫ్రెంచ్ లేబుల్ మీద "ప్రెజ్యూర్" అని ఉంటుంది. ఈ విషయం ఎవరూ చెప్పక, తిన్నాక తెలిసి మనసు కష్టపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసే చీజ్‌లూ ఫ్రాన్స్‌లో దొరుకుతాయి, కానీ ఈ పేరున్నవాటిలో కాదు. లేబుల్ మీద లేకపోతే దుకాణంలో అడగండి.

గర్భిణులు పచ్చిపాలతో చేసిన మెత్తటి చీజ్‌లు, నీలి చీజ్‌లు తినకూడదు, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ప్రమాదం ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలకీ పచ్చిపాల చీజ్‌లు వద్దనే ఫ్రాన్స్ ఆరోగ్యశాఖ చెబుతుంది. కోంతే లాంటి, వేడిచేసి నొక్కి చేసే గట్టి చీజ్‌లకి మాత్రం ఈ అభ్యంతరం లేదు, పైతొక్క తీసేసి తింటే చాలు. ఇంట్లో అందరూ కలిసి తినాలంటే ఇక్కడ కూడా కోంతేదే పైచేయి.

ఏది కొన్నా తినడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. చల్లగా ఉన్న చీజ్‌కి వాసనే తెలియదు, రుచి సగానికి సగం తగ్గిపోతుంది. వరస కూడా ముఖ్యం: ముందు మేకపాలది, తర్వాత కోంతే, ఆపైన కామంబేర్, చివర్లో రోక్‌ఫోర్. తిరగేసి తింటే రోక్‌ఫోర్ తర్వాత ఇంకేదీ నాలుకకి ఆనదు. పక్కన ఉత్త బగెట్ బ్రెడ్ చాలు. కామంబేర్‌ని కేక్‌లా మధ్యనుంచి అంచుదాకా కోయాలి, అప్పుడే ప్రతి ముక్కకీ లోపలి మెత్తదనం, పైపొర రెండూ వస్తాయి.

నలుగురు భోంచేశాక తినడానికైతే 12 నుంచి 18 నెలల కోంతే 200 గ్రాములు, ఒక సాంత్ మోర్, ఒక కామంబేర్, రోక్‌ఫోర్ 100 గ్రాములు సరిపోతాయి. మొదటిసారి తినేవాళ్లుంటే కామంబేర్ బదులు బ్రీ ద మో ముక్క పెట్టండి. అతిథి ఒక్కరే అయితే, అదీ ఫ్రాన్స్‌కి కొత్తగా వచ్చినవాళ్లయితే, కోంతే ఒక్కటే కొని, ఆ డబ్బుకి నెలలు ఎక్కువున్నది తీసుకోకుండా దుకాణంలో రుచి చూసి నచ్చినదే తీసుకోండి.