మగ మాస్టారా, ట్యాబా?

అమలాపురం పక్కన మా ఊళ్లో ఈ మాట తరచూ వస్తుంది. మగపిల్లలు పుస్తకం ముట్టడం లేదు, మగ మాస్టారు వస్తే దారిలో పడతారని కొందరు, ట్యాబ్ ఇస్తే చాలని కొందరు.

అబ్బాయిలు వెనకబడటం నిజమే. పదిహేనేళ్ల పిల్లలకు అంతర్జాతీయంగా పెట్టే పీసా పరీక్షలో, 2018లో చదవడం విషయంలో పాల్గొన్న ప్రతి దేశంలోనూ అమ్మాయిలే ముందున్నారు. మగ టీచర్ వల్ల మేలుందా అంటే, అమెరికాలో 1988 నాటి ఎనిమిదో తరగతి పిల్లల వివరాలతో ఆర్థికవేత్త థామస్ డీ చేసిన పరిశోధనలో కొంత కనిపించింది. ఇంగ్లండ్‌లో 11 ఏళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో మాత్రం టీచర్ మగైనా ఆడైనా తేడా కనిపించలేదు.

ఇక ట్యాబ్. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతికి పంచినప్పుడు మావాడు దాన్ని చేతిలోంచి దించలేదు. నలుగురి ముందు తడబడతాననే టెన్షన్ ఉండదు, తప్పు పోతే మళ్లీ చూసుకోవచ్చు. వెనకబడిన పిల్లాడికి అది చిన్న విషయం కాదు. కానీ వీడియో దొరికితే చదవడం అక్కడే ఆగిపోయేది. వాళ్ల తెలుగు టీచరమ్మ పేపర్లో గోదావరి వరద వార్త సగం చదివి వినిపించి, "మిగతాది నువ్వు చదివి చెప్పరా" అన్న రోజే వాడు పేజీ మొత్తం చదివాడు.

నన్నడిగితే ముందు ఆ టీచరమ్మ, తర్వాతే ట్యాబ్.