రాయచోటి దారిలోని పెట్రోలు బంకు

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలోని ఈ బంకును చూసుకుంటున్న పెద్దాయన, ప్రభుత్వ చమురు సంస్థలో సేల్స్ ఆఫీసరుగా చేరి, బంకుల తనిఖీలతోనే సగం ఉద్యోగజీవితం గడిపి, మేనేజరు హోదాలో పదవీ విరమణ చేసినవారు. కొలత మీద అనుమానం వ్యక్తం చేస్తే విసుక్కోకుండా, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రను స్వయంగా తెచ్చి, అందులోకి పెట్రోలు పట్టించి, గీత దగ్గర మట్టం చూపిస్తారు. తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదన్నది నిబంధన. వడపోత కాగితం మీద పెట్రోలు చుక్క వేసి, ఆరాక మరక మిగలలేదని, అంటే కల్తీ లేదని చూపించడమూ ఆయనకు సరదాయే. ఆ రోజు పెట్రోలు సాంద్రత ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది. గాలి ఉచితమే గానీ, పట్టే కుర్రవాడు మధ్యాహ్నం దొరకడు. మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచడం మాత్రం, ఊరూరా బంకులను అన్నేళ్లు తనిఖీ చేసిన మనిషికి తగదు.