క్లయింటుకీ డెవలపర్లకీ మధ్య ఒక కప్ప: స్క్రీమింగ్ ఫ్రాగ్ రివ్యూ

వెబ్ స్ట్రాటజిస్టుకు రోజులో సగం తర్జుమాకే పోతుంది. "సైటు ఎక్కడో తేడా కొడుతోంది" అంటారు క్లయింటు. "ఏ పేజీలో?" అంటారు డెవలపర్లు. ఈ ఇద్దరి ముందూ ఒక యూఆర్ఎల్ (వెబ్ చిరునామా), దాని స్టేటస్ కోడ్ (పేజీ తెరుచుకుందా లేదా అని సర్వర్ చెప్పే అంకె), ఆ లింకు ఏ పేజీలో ఎక్కడుందన్న సమాచారం పెడితే వాదన చాలావరకు అక్కడే ఆగిపోతుంది. స్క్రీమింగ్ ఫ్రాగ్ ఎస్ఈవో స్పైడర్ ఇచ్చేది సరిగ్గా అదే. 2010 నుంచీ ఉన్న బ్రిటన్ సాఫ్ట్‌వేర్ ఇది. సైటులోని లింకులు పట్టుకుని ఒక్కో పేజీనీ తెరిచి చూస్తూ పోతుంది, దాన్నే క్రాల్ అంటారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. పేరులో ఎస్ఈవో (సెర్చ్‌లో సైటు ముందుకొచ్చేలా చేసే పని) ఉంది కదా అని ఆ టీముకే వదిలేస్తే మాత్రం నష్టం మనకే.

ఉచిత వెర్షన్ 500 యూఆర్ఎల్స్ దగ్గర ఆగిపోతుంది. యూఆర్ఎల్ అంటే పేజీ అనుకోకండి. బొమ్మలు, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లు అన్నీ ఆ 500లోకే వస్తాయి, కాబట్టి వంద పేజీల సైటు కూడా అందులో పట్టకపోవచ్చు. పైగా ఉచిత వెర్షన్లో క్రాల్‌ని సేవ్ చేసుకోలేం. పని నేర్చుకోవడానికి సరిపోతుంది, క్లయింటు పనికి చాలదు.

దీని అసలు సత్తా సైటు మార్చేటప్పుడు తెలుస్తుంది. పాత సైటు ఇంకా బతికుండగానే పూర్తి క్రాల్ తీసి పెట్టుకోవాలి. స్పైడర్ లింకులు పట్టుకుని వెళ్తుంది కనుక, ఏ లింకూ లేని పాత ప్రచార పేజీలు దానికి కనిపించవు. క్లయింటుకు ఎంక్వయిరీలు తెచ్చిపెట్టేవి ఒక్కోసారి అవే. అందుకని ఎక్స్ఎంఎల్ సైట్‌మ్యాప్ (సైటు చిరునామాల జాబితా ఫైలు), గూగుల్ వారి సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ మూడూ జోడించి క్రాల్ చేయాలి. క్రాల్ అయ్యాక 'క్రాల్ అనాలిసిస్' విడిగా నడపాలి. అది నడపకపోతే ఆర్ఫన్ పేజీల (ఏ లింకూ లేని ఆ పేజీల) ఫిల్టరు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంది కాబట్టి ఆర్ఫన్లు లేవనుకుని ముందుకెళ్లిపోవడం చాలామంది చేసే తప్పు.

తరువాత రీడైరెక్టుల షీటు, అంటే పాత చిరునామాకు వచ్చినవాళ్లను ఎక్కడికి మళ్లించాలో రాసుకునే జాబితా. పాత చిరునామా, కొత్త చిరునామా, ఎందుకు అన్న మూడు గడులు చాలు. ఏ పేజీ ఉండాలి, ఏది పోవాలి అన్నది క్లయింటు తేల్చాల్సిన విషయం. దాన్ని డెవలపర్ మీదకు నెడితే, దారి తెలియనివన్నీ హోమ్ పేజీకి తిప్పేస్తారు. అలాంటి వాటిని గూగుల్ సాఫ్ట్ 404గా, అంటే అసలు పేజీ లేనట్టుగా, లెక్కేయవచ్చు.

రీడైరెక్టులు పెట్టాక 'లిస్ట్' మోడ్‌లో పాత చిరునామాలన్నీ అతికించి, 'ఆల్వేస్ ఫాలో రీడైరెక్ట్స్' ఆన్ చేసి నడపాలి. ఈ టిక్కు మరిచిపోతే మొదటి మెట్టు 301 (శాశ్వతంగా మళ్లించారు) అని చూపించి ఊరుకుంటుంది, దాని తర్వాత ఏముందో తెలియదు. రీడైరెక్ట్స్ రిపోర్టులో చూడాల్సినవి రెండు: చివర 200 (పేజీ సరిగ్గా తెరుచుకుంది) వచ్చిందా, ఎన్ని మెట్లెక్కి వచ్చింది. హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి, అక్కడి నుంచి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి, ఆపైన చివరి స్లాష్‌కి, అప్పుడు గాని కొత్త పేజీకి చేరకపోవడం మామూలే. నాలుగు మెట్లయ్యాయి. గూగుల్‌బాట్ 10 మెట్ల దాకా వస్తుంది గానీ, నేరుగా చివరి పేజీకే పంపమని గూగుల్ చెబుతుంది. సర్వర్లో ఒక రూలు, సీఎంఎస్ (సైటు కంటెంటు నడిపే సాఫ్ట్‌వేర్) ప్లగిన్లో ఇంకో రూలు ఉండటం ఇన్ని మెట్లకు తరచూ కనిపించే కారణం. ఆ వరసను డెవలపర్‌కి పంపితే వేరే వివరణ అక్కర్లేదు. క్లయింటుకు మాత్రం ఒక మాట ముందే చెప్పాలి: ఈ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉండాలన్నది గూగుల్ సూచన, కాబట్టి పాత డొమైన్ రెన్యువల్ ఆపొద్దు.

ఎగుమతులు (ఫైలుగా బయటికి తీసుకునే జాబితాలు) చాలా ఉన్నాయి, కానీ మధ్యవర్తికి అన్నం పెట్టేది 'క్లయింట్ ఎర్రర్ 4ఎక్స్ఎక్స్ ఇన్‌లింక్స్', అంటే తెగిన లింకులు ఏయే పేజీల్లో ఉన్నాయో చూపేది. తెగిన లింకులు 1,800 వరసలొచ్చాయనుకోండి. అది చూసి క్లయింటు గుండె ఆగినంత పనవుతుంది. 'లింక్ పొజిషన్' గడిని ఫిల్టర్ చేస్తే అన్నింటా 'ఫుటర్' అనే ఉంటుంది, వెళ్లే చిరునామా కూడా ఒక్కటే. అంటే ఒక టెంప్లేటులో ఒక లింకు సరిచేస్తే 1,800 వరసలూ పోతాయి. పక్కనే 'లింక్ పాత్' గడిలో ఎక్స్‌పాత్ (పేజీ కోడులో ఆ లింకు ఉన్న చోటు) కూడా ఉంటుంది, డెవలపర్ వెతుక్కోనక్కర్లేదు. టికెట్టు ఒక్కటి రాయండి, 1,800 కాదు.

ఇష్యూస్ ట్యాబ్ గురించి మాత్రం అంత మంచిమాట చెప్పలేం. ప్రతిదానికీ హై, మీడియం, లో అని ప్రాధాన్యం ఇస్తుంది. ఆ హై ఎవరికి హై? క్లయింటు వ్యాపారం ఏమిటో దానికి తెలియదు. ఆ జాబితాను ఉన్నదున్నట్టు మెయిల్ చేస్తే వారం రోజులు ఫోన్లు ఎత్తుకుంటూ కూర్చోవాలి.

తెలుగు సైట్లయితే ఇంకో చిక్కు. టైటిల్ 60 క్యారెక్టర్లు దాటితే హెచ్చరిస్తుంది. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అందుకే చిన్న టైటిళ్లు కూడా పొడవైనవాటి జాబితాలో చేరిపోతాయి. తెలుగు చిరునామాలను నాన్ ఆస్కీ (ఇంగ్లిషేతర గుర్తుల) ఫిల్టరులో వేస్తుంది. 'అ' ఒక్కటే ఎన్‌కోడ్ అయితే %E0%B0%85 అని తొమ్మిది గుర్తులవుతుంది. ఇవేవీ తప్పులు కావని క్లయింటుకు ముందే చెప్పడం నయం.

మొరాయించే చోట్లు కొన్ని. స్టేజింగ్ సైటు (లైవ్‌కి ముందు పరీక్షించే కాపీ) క్రాల్ చేస్తే ఒక్క యూఆర్ఎల్‌తో ఆగిపోయిందంటే, ముందు అనుమానించాల్సింది రోబోట్స్ ఫైలును (ఏం క్రాల్ చేయొద్దో చెప్పేది). ఇగ్నోర్ చేసే సెట్టింగ్ ఉంది. కానీ ఆ ఫైలు, దానితోపాటు నోఇండెక్స్ ట్యాగు (సెర్చ్‌లో చూపొద్దనేది), లైవ్‌కి వెళ్లేనాడు తీసేయాలని అప్పుడే చెక్‌లిస్టులో రాసుకోండి. 403 (అనుమతి లేదు), 429 (అభ్యర్థనలు మరీ ఎక్కువ) వరసకట్టి వస్తే సైటు పాడైనట్టు కాదు, ఫైర్‌వాల్ మనల్ని ఆపుతోంది. ఐదు థ్రెడ్ల (ఒకేసారి పంపే అభ్యర్థనల) నుంచి ఒకటికో రెండుకో తగ్గించాలి, లేదా మన ఐపీని అనుమతించమని సర్వర్ వాళ్లను అడగాలి. పేజీలో లింకులు కళ్లకు కనిపిస్తున్నా క్రాల్‌లో రాకపోతే, రెండరింగ్‌ని (పేజీని చదివే తీరును) టెక్స్ట్ నుంచి జావాస్క్రిప్ట్‌కి మార్చి చూడాలి. నెమ్మదిస్తుంది, ఓపిక పట్టాలి. అన్నిటికన్నా ప్రమాదం లాగిన్ అయి క్రాల్ చేయడం. స్పైడర్ దొరికిన ప్రతి లింకూ తెరుస్తుంది, అందులో 'డిలీట్' లింకు ఉంటే దాన్ని కూడా. అడ్మిన్ ఖాతా ఇవ్వనే ఇవ్వొద్దు.

పెద్ద సైట్లకు క్రాల్‌ని ర్యామ్‌లో ఉంచే మెమరీ మోడ్ కాకుండా డిస్కులో దాచే డేటాబేస్ మోడ్, ఎస్ఎస్‌డీ డిస్కు ఉండాలి. రెండు క్రాల్‌లను పోల్చే 'కంపేర్' కూడా డేటాబేస్ మోడ్‌లోనే పనిచేస్తుంది. అందులో యూఆర్ఎల్ మ్యాపింగ్ పెట్టి స్టేజింగ్‌ని లైవ్‌తో పోల్చుకోవచ్చు. లాంచ్ ముందు రాత్రికి ఇంతకన్నా అక్కరకొచ్చే సదుపాయం ఇందులో లేదు.

లైసెన్సు ఏడాదికి, అదీ ఒక్కో మనిషికి. ఏడాదికి ఒక్క సైటు మార్చే టీముకైనా కొనమనే చెబుతాం. గడువు తీరితే మళ్లీ 500 దగ్గరికి వచ్చేస్తుంది, సేవ్ చేసిన క్రాల్‌లు కూడా తెరుచుకోవు. అందుకని పాత సైటు చిరునామాల జాబితాను గడువుకు ముందే సీఎస్‌వీగా తీసి, ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టుకోండి.