రిఫండులో వాటానా, ఫారానికి ఇంతనా, నెలకు ఇంతనా: పన్ను కన్సల్టెంటు ఫీజు ఏ లెక్కన ఉంటే మేలు?

కొత్తగా వచ్చినవారు కుర్చీలో కూర్చుంటూనే అడిగే మాట ఒకటే. "ఆడిటర్ గారూ, మీ ఫీజెంత?" నేను ఆడిటర్‌ను కాను, రిటర్నులు వేసి బతికే కన్సల్టెంటును. మన ఊళ్లలో ఈ పని చేసే ప్రతి ఒక్కరూ ఆడిటరే కాబట్టి దిద్దడం ఎప్పుడో మానేశాను. ఆ ప్రశ్నకు మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను: "కాగితాలు తెచ్చారా?" అవి చూడకుండా చెప్పే ఫీజు ఏదైనా ఒకరికి నష్టమే. అయినా చూడకుండా చెప్పే పద్ధతులే ఎక్కువ.

చెవికి అన్నిటికన్నా ఇంపుగా ఉండేది రిఫండులో వాటా. ముందు రూపాయి ఇవ్వక్కర్లేదు, డబ్బు ఖాతాలో పడ్డాక పది శాతం చాలంటారు. ఒక రైల్వే ఉద్యోగి ఇలాగే రిటర్ను వేయించుకుని, మరుసటి ఏడాది నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అతనికి 62,000 రూపాయల రిఫండు తెప్పించి 6,200 తీసుకున్నారు. రిటర్ను తెరిచి చూస్తే క్వార్టర్సులో ఉంటున్న మనిషికి ఇంటద్దె, ఎన్నడూ ఇవ్వని విరాళం, తీసుకోని చదువు రుణంపై వడ్డీ కనిపించాయి. పన్ను శాఖ పోర్టల్‌లో ఉన్న ఈమెయిలు కూడా అతనిది కాదు. రిటర్ను వేసినవారు అందుకోసమే తెరిచి వదిలేసినది. తొలి నోటీసులు అందులోకే వెళ్లి పడి ఉన్నాయి. ఇప్పుడు 62,000 వెనక్కి కట్టాలి, దానిపై వడ్డీ కట్టాలి. తప్పుడు వివరాలిచ్చారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా వేసే వీలు 270ఏ సెక్షన్‌లో ఉంది. ఆ 6,200 సంగతి అడుగుదామంటే ఫోను స్విచాఫ్.

ఇది ఒక్కడి కథ కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దళారుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని అప్పుడే ప్రకటించింది. ఫలితాన్ని బట్టి, శాతాల్లో ఫీజు తీసుకోవడాన్ని చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నాటి వాళ్ల చట్టమే, కొద్ది మినహాయింపులు తప్ప, దుష్ప్రవర్తనగా లెక్కగడుతుంది. సీఏ కానివారికి ఆ చట్టం తగలదు. దళారులకు ఆ సందు చాలు.

శాతం అన్నంత మాత్రాన మోసమని తేల్చేయలేం. 2006లో కేంద్రం తెచ్చిన టాక్స్ రిటర్న్ ప్రిపేరర్ పథకంలోనూ శాతం ఉంది: మొదటి ఏడాది 3, రెండో ఏడాది 2, మూడో ఏడాది 1. అది క్లయింటు కట్టిన పన్ను మీద లెక్క, ఇచ్చేది ప్రభుత్వం. క్లయింటు దగ్గర తీసుకునేది 250 రూపాయలు దాటకూడదు. రిటర్ను రాసే చేతికి ఏది పెరిగితే లాభమో చూడండి: దళారికి రిఫండు, ఈ పథకంలో పన్ను. రెండిటిలో ఏది క్లయింటుకు నోటీసు తెస్తుందో వేరే చెప్పాలా?

ఇక ఆదాయాన్ని బట్టి ఫీజు. పెద్ద జీతానికి పెద్ద ఫీజు అంటే ఎవరూ కాదనరు, పని చూస్తే మాత్రం తలకిందులు. ఏడాదికి 30 లక్షల జీతం, ఒక ఇల్లు ఉన్న ఇంజినీరుది ఐటీఆర్-1, రిటర్ను ఫారాల్లో అన్నిటికన్నా తేలికైనది. కంపెనీ ఇచ్చే ఫారం 16, పన్ను శాఖ దగ్గరుండే మన ఆదాయాల జాబితా ఏఐఎస్ సరిపోలితే పావుగంటలో అయిపోతుంది. కాలేజీలో చదువుతున్న ఆయన కొడుకు ఫోనులో షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడి 14,000 పోగొట్టుకున్నాడు. అది వ్యాపార నష్టం కింద వస్తుంది కాబట్టి ఐటీఆర్-3 వేయాలి, టర్నోవరు లెక్క తేల్చాలి. ఆదాయం లేని పిల్లవాడి రిటర్నుకు ఒక పూట పడుతుంది.

అందుకే చాలామంది ఫారానికి ఇంత అని పెట్టుకుంటారు. అడిగినవారికి చెప్పడం తేలిక, వాళ్లు నలుగురి దగ్గర కనుక్కోవడమూ తేలిక. ఐటీఆర్-1, చిన్న వ్యాపారులు అంచనా లాభంతో వేసే ఐటీఆర్-4ల వరకు ఇది బాగానే నడుస్తుంది. తేడా కొట్టేది ఆస్తులు, ఫండ్లు అమ్మినవారు వేసే ఐటీఆర్-2లో. ఒకరు మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మారు. ఫండ్ సంస్థ పంపిన స్టేట్‌మెంటులో అంతా ఉంది, ఇరవై నిమిషాల పని. ఇంకొకరు తండ్రి 1988లో కొన్న స్థలం అమ్మారు. లాభం లెక్కలో ఆ ధరకు బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, కానీ అది ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆనాటి విలువ కాగితం రావాలి. తర్వాత ఇండెక్సేషన్‌తో, అంటే ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూస్తే 20 శాతం పన్ను, అది లేకుండా 12.5 శాతం అని రెండు సార్లు లెక్క కట్టాలి. 2024 జులై 23కు ముందు కొన్న స్థలాలకు, ఇళ్లకు ఈ వెసులుబాటు ఉంది, తక్కువ పడినదే కట్టొచ్చు. ఇద్దరిదీ ఐటీఆర్-2, ఇద్దరికీ ఒకే ఫీజు అంటే మొదటివారు రెండోవారి ఖర్చు మోస్తున్నట్టే.

గంటకు ఇంత అనే పద్ధతి వినడానికి న్యాయంగా ఉంటుంది. మన దగ్గర గడియారాన్ని ఎవరూ నమ్మరు. అయినా నేను కొత్త సెక్షన్ చదువుకున్న గంటను ఎవరి లెక్కలో రాయాలి? "మీకు తోచింది ఇవ్వండి" అనేది మరీ ప్రమాదం. తోచినంత ఇచ్చినవాడు తక్కువ ఇచ్చానేమోనని, పుచ్చుకున్నవాడు తక్కువ వచ్చిందని, మరుసటి ఏడాది ఒకరినొకరు తప్పించుకు తిరుగుతారు.

దుకాణాల జీఎస్టీకి నెలకు ఇంత అని మాట్లాడుకోవడమే మేలు. పదకొండున అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, పద్నాలుగున మనకు అమ్మినవారు చూపిన బిల్లుల పట్టిక 2బీ వస్తే కొనుగోళ్లు సరిచూసుకోవడం, ఇరవైన పన్ను కట్టే రిటర్ను 3బీ. ప్రతిసారీ బేరమాడే తీరిక ఎవరికీ ఉండదు, ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు పడుతుంది. చిన్న దుకాణాలకు ఉన్న మూడు నెలల రిటర్ను పథకం క్యూఆర్‌ఎంపీలో ఉన్నవారు మాత్రం రిటర్ను మూడు నెలలకోసారే కదా, నెలనెలా ఫీజేమిటని అడుగుతారు. పన్ను నెలనెలా కట్టాలి, బిల్లులు నెలనెలా చూడాలి. నెల ఫీజులో అసలు చిక్కు వేరు: దుకాణం పెరిగినా ఫీజు పెరగదు. మొదట్లో నలభై బిల్లులకు మాట్లాడుకున్న ఫీజుకే నాలుగు వందల బిల్లులు చేసి పెట్టిన తెలివైనవాణ్ణి నేనే.

ఇప్పుడు నేను పాటించేది ఇది. కాగితాలు, ఏఐఎస్ చూశాకే రేటు చెబుతాను. ఒకసారి చెప్పాక మార్చను. రిఫండు వచ్చినా రాకపోయినా అంతే. నోటీసుకు జవాబు ఆ ఫీజులో ఉందో లేదో ముందే రాసి ఇస్తాను. క్లయింటు వైపు నుంచి చూసినా నేను ఇదే మేలంటాను, ఒక్క షరతు మీద: పోర్టల్‌లో ఈమెయిలు, ఫోను నంబరు క్లయింటువే ఉండాలి.

హార్డ్‌వేర్ కొట్టు ఆయన ఒకరు ప్రతి నెలా పంతొమ్మిదో తేదీ రాత్రి బిల్లులన్నీ క్యారీ బ్యాగులో కుక్కి తెచ్చేవారు. సగం బిల్లుల మీద సిమెంటు దుమ్ము, కొన్నిటి మీద టీ మరకలు. ఆయనకు రెండు రేట్లు చెప్పాను: తేదీల వరుసలో నోటుబుక్కులో రాసి ఎనిమిదో తేదీకి తెస్తే 1,500, సంచితో తెస్తే 3,000. ఆయన అలిగి వెళ్లిపోయారు. తర్వాతి నెల తొమ్మిదో తేదీన నోటుబుక్కు వచ్చింది. దస్తూరి ఆయన కూతురిది, సంతకం మాత్రం ఆయనది. ఒక రోజు ఆలస్యమైనా 1,500కే చేశాను.